మద్దయ్య నాయనకు జాబులు

మా పెద్దమ్మ సుంకమ్మకు స్పెయిన్ దేశపు భాష వచ్చు. ఈ మాట చెప్తే మా ఇంట్లో పిల్లలే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. నవ్వనీ. పెన్న ఒడ్డున మగ్గాల వీధిలో పుట్టి, అదే వీధిలో కాపురం చేసి, ఎర్రగుంట్ల రైలు స్టేషను దాటి ఒక్కసారైనా పోని మనిషికి ఆ భాష ఎందుకు కావలసి వచ్చింది, నేర్చుకుని ఆమె ఏం బావుకుంది అని అడిగేవాళ్ళకు జవాబు చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అందుకని చెప్తున్నాను.

మా నాయన నాగన్నకు అన్న ఈరప్ప. ఈరప్ప భార్యే సుంకమ్మ. వాళ్ళకు ఒక్కడే కొడుకు, మద్దయ్య. వాళ్ళూ మేమూ మా నాయనమ్మ హనుమమ్మా ఒకే కప్పు కింద ఉండేవాళ్ళం. నడింట్లో రెండు గుంట మగ్గాలు. ఒకదాని మీద మా నాయన, ఇంకొకదాని మీద పెదనాయన. మా నాయన నేస్తూ ఊరంతా వినబడేలా మాట్లాడేవాడు. పెదనాయన పొద్దున గుంటలో కాళ్ళు పెడితే సాయంత్రం దాకా నోరు విప్పేవాడు కాదు. ఆయన మాట్లాడకపోయినా పెద్దమ్మకు అన్నీ తెలిసేవి. అటూ ఇటూ ఉరికే నాడె చప్పుడు మందగిస్తే నూలు కండె అయిపోవచ్చిందని, పూర్తిగా ఆగితే మంచినీళ్ళు కావాలని. తాను చుట్టిన కండెలు తెచ్చి పక్కన పెట్టి, అక్కరకు మించి ఒక్క క్షణం నిలబడి పోయేది. ఆ ఒక్క క్షణాన్ని పట్టుకుని మా అమ్మ రోజంతా ఆమెను ఆటపట్టించేది.

పంతొమ్మిది వందల ఇరవై తొమ్మిదిలో మద్రాసు నుంచి ఒక ఏజెంటు మా వీధికి వచ్చాడు. స్పెయిన్‌లో బార్సిలోనా అనే పట్నంలో పెద్ద ఎగ్జిబిషన్ జరుగుతుందనీ, అక్కడ జనం కళ్ళ ముందు కూర్చుని చీరె నేసి చూపించడానికి ఇద్దరు మంచి పనివాళ్ళు కావాలనీ అన్నాడు. నేసిన గుడ్డ కొంటారని తెలుసు గానీ, నేస్తూ ఉంటే చూడ్డానికి టిక్కెట్టు కొంటారని మేము వినడం అదే మొదలు. వీధి పెద్దలు పెదనాయన పేరూ బసవన్న పేరూ చెప్పారు. వానలు లేక రైతులు చీరెలు కొనడం మానేసి, మగ్గాలు సగం ఖాళీగా పడి ఉన్న కాలం అది. ఏడాదే కదా అన్నారు. పెదనాయన సరేనన్నాడు.

పోయేనాడు ఆయన పెద్దమ్మతో అన్నది ఒక్కటే మాట. "పిల్లోని బడి మాన్పించగాకు. పోయొస్తా."

మరుసటి ఏడు చలికాలంలో బసవన్న ఒక్కడే తిరిగొచ్చాడు. వీధి వీధంతా అతని ఇంటి ముందు చేరి అతను చెప్పే కథలకు కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. మగ్గం గుంటలో ఉన్న కాళ్ళు కనబడక, పాపం ఈ మనిషికి కాళ్ళే లేవనుకుని ఒక ముసలి దొరసాని పెదనాయన ఒళ్ళో రెండు నారింజపండ్లు పెట్టి కళ్ళు తుడుచుకుందట. పెదనాయన మర్యాదగా లేచి నిలబడి దండం పెడితే ఆమె కెవ్వుమని అరిచిందట. అందరూ నవ్వుతుంటే గుంపు వెనకనుంచి పెద్దమ్మ గొంతు వినబడింది.

"బసవన్నా, మద్దయ్య నాయన యాడ?"

బసవన్న తల వంచుకున్నాడు. ఎగ్జిబిషన్ ముగిసిపోయిందట. తీసుకుపోయిన ఏజెంటు అంతకు ముందే కనబడకుండా పోయాడట. అక్కడి ఇంగ్లీషు దొరల ఆఫీసువాళ్ళు జాలిపడి ఓడ ఎక్కించే రోజుకు పెదనాయన జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నాడట. "బతికే ఉండాడు వదినా. సూసే వచ్చినా. నా ఎనకే వస్తానన్న్యాడు" అన్నాడు. ఆ రాత్రి అన్నాలప్పుడు పెద్దమ్మ తన కంచం ముందు కూర్చుని ముద్ద కలిపి, కలిపి, లేచి పోయింది.

ముప్పై ఒకటిలో మొదటి జాబు వచ్చింది. పెదనాయనకు చదువు రాదు, సంతకం కూడా పెట్టలేడు. పెద్దమ్మకు చిన్నప్పుడు మిషన్‌వాళ్ళ ఆడపిల్లల బడిలో మూడేళ్ళు చదివినందువల్ల తెలుగు వచ్చు. ఆ కవరు విప్పి చూస్తే అది తెలుగు కాదు. పోస్టుమాస్టరు తిప్పి తిప్పి చూసి, అక్షరాలు ఇంగ్లీషువే గానీ మాటలు ఇంగ్లీషువి కావన్నాడు. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో ఎల్లెన్ దొరసాని అని ఒకామె ఉందనీ, ఆమె తండ్రి అర్జెంటీనా దేశంలో రైలు పట్టాలు వేయించే పనిలో ఉండేవాడనీ, ఆమె చిన్నతనమంతా ఇట్లాంటి భాషలోనే గడిచిందనీ ఆయనే చెప్పాడు. పెద్దమ్మ పెన్న ఇసుకలో అడ్డం పడి నడుచుకుంటూ పోయింది.

ఎల్లెన్ దొరసాని తెలుగు పుస్తకాల తెలుగు. "సుంకమ్మా, నీ భర్త క్షేమముగా ఉన్నాడు. విచారింపకుము" అని మొదలుపెట్టి జాబంతా చదివి చెప్పింది. రాసింది రొసారియో అనే ముసలామె. బట్టలు కుట్టి బతికే మనిషి. పెదనాయన ఆమె పెరటిగదిలో ఉంటున్నాడు, నూలు మిల్లులో బస్తాలు మోస్తున్నాడు, ఓడ ఛార్జీ కూడగానే బయలుదేరతాడు. వచ్చీ రాని ఆ భాషలో ఆయన చెప్తుంటే ఆమె కాగితం మీద పెట్టింది. చివర ఆయన చెప్పమన్న మాట ఒకటి ఉంది. సాయంత్రాలు బస్తాలు దించి కూర్చుంటే, పక్కకు వచ్చి నిలబడేవాళ్ళు ఎవరూ ఉండరు అని.

అది విన్నాక పెద్దమ్మ జాబు తిరిగి తీసుకుని మడిచి కొంగున కట్టుకుందట. తర్వాత దొరసానిని అడిగింది, ఈ భాష తనకు నేర్పమని. తన మొగుడు తనకు చెప్పిన మాట ముందు ఇంకొకరి చెవిన పడి, ఇంకొకరి నోటినుంచి తనకు రావడం ఆమెకు భరింపరాకుండా ఉంది. దొరసాని దగ్గర అట్లా అనలేదు, మా అమ్మ దగ్గర అంది. "నా మొగుని మాట ముందు నాకు తెల్లాల. నాకు తెల్సినంక ఊరంతా తెల్సనీ."

సంతరోజు మంగళవారం. ప్రతి మంగళవారం పోయి ఆసుపత్రిలో కట్టుగుడ్డలు కత్తిరించి మడత పెట్టేది, దొరసాని పక్కన కూర్చుని పాఠం చెప్పేది. మా నాయనకు ఒళ్ళు మండిపోయింది. "మొగుడు ఆడ, పెండ్లాం ఈడ. మధ్యలో ఈ అరవ గోలొకటి" అని విసుక్కునేవాడు. అది అరవం కాదని చెప్పినా వినేవాడు కాదు. ఆయనకు తెలుగు కానిదంతా అరవమే.

అయితే ఆ భాష పెద్దమ్మకు అనుకున్నంత కష్టం కాలేదు. రాసింది రాసినట్టే పలుకుతారట. తెలుగు అక్షరాల్లో రాసుకుని, కండెలు చుడుతూ పైకి చదువుకునేది. నేనూ మద్దయ్యా వెక్కిరించడానికి వెనకే అంటూ అంటూ కొన్ని మాటలు మాకూ పట్టుబడ్డాయి.

ఒక మంగళవారం ఇంటికొచ్చి మా అమ్మతో చెప్పి చెప్పి నవ్వింది. ఆ రోజు దొరసాని ఎంతో భయపెట్టి ఒక పాఠం మొదలుపెట్టిందట. జరిగిపోయినదాన్ని చెప్పడానికి ఆ భాషలో రెండు దారులు ఉన్నాయి, దేన్ని ఎప్పుడు వాడాలో పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా తేల్చుకోలేరు, నిదానముగా ఆలకింపుము అందట. ఒకటి, మొదలూ తుదీ తెలిసి ముగిసిపోయిన పనికి. ఇంకొకటి, ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ఆగిందో చెప్పకుండా అట్లా సాగుతూ ఉండిన పనికి. నేయడం అనే మాటకు ఆ రెండూ తెహియో, తెహీయ.

"ఇదేం కష్టమమ్మా?" అందట పెద్దమ్మ. "మేము దినామూ చెప్పే మాటే గదా. నేసినాడు అంటే కోసి మడత పెట్టేసినట్ల. నేస్తాండె అంటే గుడ్డ ఇంగా మగ్గం మిందనే ఉండాది."

దొరసాని కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, పదిహేనేండ్లుగా తాను తెలుగు నేర్చుకుంటున్నా ఇంత తేటగా ఎవరూ చెప్పలేదందట.

పాఠం తెలిసింది గానీ జాబు రాసేటప్పుడు పెద్దమ్మ ఆ రెండింటిలో ఒకటే వాడేది. ఏం జరిగినా సాగుతూ ఉన్నట్టే రాసేది. వాన కురుస్తాండె. మద్దయ్య పద్యం నేర్చుకుంటాండె. ఆవు ఈనుతాండె. దొరసాని పెన్సిలుతో కింద గీతలు గీసి, "ఆవు ఈనెనా, లేదా?" అని అడిగేది. ఈనింది, దూడ కూడా గంతులేస్తోంది. మరి ముగిసిన మాట రాయవచ్చును కదా? పెద్దమ్మ తల అడ్డంగా ఊపేది. ముగిసిపోయినవన్నీ రాస్తూ పోతే, వచ్చి చూడ్డానికి ఆయనకు ఏం మిగులుతుందని ఆమె బాధ. తాను లేకుండానే ఇంట్లో అన్నీ అయిపోతున్నాయని ఆయన అనుకోకూడదు. ఆయన వచ్చి అందుకోవడానికి ప్రతి పనీ సగంలో ఉండాలి.

ముప్పై నాలుగు ఎండాకాలంలో మా నాయనమ్మ చనిపోయింది. పదిరోజుల కర్మ అయ్యాక పెద్దమ్మ జాబు రాసి తీసుకుపోతే దొరసాని చదివి ఆగింది. మీ అమ్మకు బాగలేకుండా ఉండె అని ఉంది అందులో.

"నీ అత్తగారు మరణించెను కదా, సుంకమ్మా?"

"అవునమ్మా."

"దానికి మాట ఉన్నది. మురియో. అది వ్రాయవలెను."

"నాకి తెల్సమ్మా ఆ మాట" అంది పెద్దమ్మ. "అమ్మ ఉండాదని తెలిస్తే బిర్న వస్తాడు. లేదని తెలిస్తే, ఇంగ ఎవురికోసరం అనుకుంటాడేమో. నేనొక్కదాన్నే సాలుతానో సాలనో."

ఆ చివరి మాటకు దొరసాని పెన్సిలు కింద పెట్టేసిందట. పెళ్ళి చేసుకోని మనిషి, కానీ అర్థమైంది. ఆ జాబు అట్లాగే పోయింది.

ముప్పై ఆరులో ఆ దేశంలో వాళ్ళలో వాళ్ళకే యుద్ధం మొదలైంది. పెదనాయన ఓడ ఛార్జీ కూడబెట్టుకుని, ఆ ఆషాఢం దాటగానే బయలుదేరుతున్నానని రాయించిన రెండు నెలలకే. రేవులు మూతపడ్డాయి. మరుసటి ఏడు ఎల్లెన్ దొరసాని జబ్బుచేసి తన దేశం పోయింది. పోతూ పోతూ తన నిఘంటువు పెద్దమ్మ చేతిలో పెట్టింది. ఆ వెంటనే రొసారియోనుంచి జాబు. పెద్దమ్మ తనకు తానే విప్పి, తనకు తానే చదువుకున్న మొదటి జాబు అదే.

తమ వీధి మీద బాంబులు పడుతున్నాయని, ఈ ఇల్లు వదిలి యాడికి పోతామో తెలియదని ఉంది. ఇంటి చిరునామాకు రాయొద్దు, మీ ఆయన పేరు వేసి ఊళ్ళోని పెద్ద పోస్టాఫీసుకు రాయి, అక్కడ పేరు చెప్పి అడిగినవాళ్ళకు ఇస్తారు, ఆయన ప్రతి శనివారం పోయి అడుగుతాడు అని ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వీధిలో ఆడవాళ్ళు మొగుని పేరు నోట పలకరు. పలికితే ఆయన ఆయుస్సు తగ్గుతుందంటారు. నేనూ పలకను, నన్ను చూసి నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. పెద్దమ్మ పలకడమే కాదు, రాయడం కూడా ఎరగదు. అంతకు ముందు కవర్ల మీద పేరూ వీధీ దొరసానే రాసేది. ఇప్పుడామె లేదు. పోస్టుమాస్టరును అడిగితే రాసిచ్చేవాడే. కానీ అన్నేండ్లు కష్టపడి నేర్చుకున్న భాష, ఇంకొకరి చేత కవరు రాయించుకోవడం ఆమెకు చిన్నతనమనిపించింది. పైగా అక్కడ నెత్తిన బాంబులు పడుతున్నాయి. ఆ సమయంలో ఆయన పేరు రాసి ఆయుస్సుకు చేటు తెచ్చుకుంటుందా?

నేను పక్కనే కూర్చుని చూస్తున్నాను. కలం ముంచి, ఒక్కొక్క అక్షరమూ ముత్యంలా రాసింది. పాద్రె దె మద్దయ్య. మద్దయ్య తండ్రికి. కింద పెద్ద పోస్టాఫీసు, బార్సిలోనా, స్పెయిన్. మా వీధిలో రెండు వందల మగ్గాల్లో ఏ ఇంట్లో అడిగినా మద్దయ్య నాయన ఎవరంటే చూపిస్తారు. అదే ఆమె లెక్క. తన పేరు సముద్రాలు దాటి పోతోందని మద్దయ్య వీధంతా చెప్పుకున్నాడు. పోస్టుమాస్టరు దేశం పేరు చూసి ముద్ర కొట్టాడు. తక్కింది ఆయనకు అర్థం కాదు. ఆ కవరు చదివి తప్పు చెప్పగలిగిన మనిషి కడప జిల్లా మొత్తం మీద ఒక్కరూ లేరు. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఎవరి మీద అంటే చెప్పలేను, నా మీదా వస్తుంది. పదమూడేండ్లదాన్ని, కళ్ళార చూస్తూ కూర్చున్నాను. ఎంత బాగా రాసిందో అనుకున్నాను.

జవాబు రాలేదు. యుద్ధం కదా అనుకుంది. ఇంకొకటి రాసింది. మూడు నెలలకు ఇంకొకటి. ఆ మూడేండ్లలో ఆమె రాసిన జాబులు పదకొండు. రాసేటప్పుడు గోడవైపు తిరిగి కూర్చునేది. దాచుకోవడానికి కాదు, ఎవరికీ చదవను రాదు కదా. రాస్తూ రాస్తూ ముఖం ఎట్లా మారుతుందో మేము చూడకూడదని. ఒక్కోసారి మా అమ్మ బతిమాలితే రెండు ముక్కలు చెప్పేది. మద్దయ్యకు మీసకట్టు వస్తాండాది, నీ మాదిరే మాట్లాడడు అని రాసినా. కండెలు సుట్టి పెట్టి, నీ మగ్గం పక్కన నిలబడుకుంటాంటి, ఇప్పుడు మరిది మగ్గం పక్కన పెట్టి ఎనక్కి తిరిగి సూడకుండా వస్తాండా అని రాసినా. నాకి నువ్వు కావాల అని రాసినా. ఈ చివరి మాట చెప్పినప్పుడు మా అమ్మ ఆమెను ఆటపట్టించలేదు.

వీధిలో మాటలు మొదలయ్యాయి. కొందరు రొసారియోను ముసలిదాన్ని కానివ్వలేదు, పడుచుపిల్లను చేసి ఆమెతో ఆయనకు సంసారం కట్టబెట్టారు. కొందరు ఎప్పుడో పోయుంటాడన్నారు. పేరంటాలకు పిలవడం మానలేదు గానీ, పెద్దమ్మకు కుంకుమ పెట్టే వంతు వచ్చేసరికి చేతులు ఒక్క క్షణం వెనకాడేవి. ఆమె ఆ క్షణం చూసేది. చూసి, నుదురు ఇంకొంచెం ముందుకు చాపేది.

పంతొమ్మిది వందల నలభైలో, వినాయకచవితి పోయిన వారానికి, పెద్ద కవరు ఒకటి వచ్చింది. దారిలో ఎవరో విప్పి, మళ్ళీ కాగితం అంటించి, ముద్రలు కొట్టారు. అప్పటికి మనవాళ్ళకూ యుద్ధం వచ్చింది కదా. మధ్యాహ్నం వేళ. మా నాయన మగ్గం ఆపాడు. మద్దయ్య గుంటలోంచి లేచి వచ్చాడు, అప్పటికి వాడు తండ్రి మగ్గం మీద కూర్చుంటున్నాడు. పెద్దమ్మ కవరు విప్పింది. లోపల రొసారియో రాసిన నాలుగు కాగితాలు, వాటి కింద గుడ్డపేలికతో కట్టిన ఇంకొక కట్ట. కట్ట పక్కన పెట్టి కాగితాలు చదవడం మొదలుపెట్టింది. ముందు తనలో తాను చదువుకోవడం ఆమె పద్ధతి. ఆ రోజు మాత్రం మేమంతా చుట్టూ కూర్చున్నాం గనుక, ఒక్కో వాక్యమూ చదివి తెలుగులో చెప్తూ పోయింది.

"మంచం పలకలు ఊడదీసి నా పెరట్లో మగ్గం చేసుకున్న్యాడు అని రాసింది. పాత బట్టల నూలు తీసి వీధిలో పిల్లోళ్ళకి రుమాళ్ళు నేస్తాండె. బాంబులు పడేటప్పుడు మేము మెట్ల కింద కూసుంటాంటిమి. అప్పుడు మీ వీధి గురించి చెప్తాండె. మా అమ్మ, మా ఇంటామె ఎదురు సూస్తాంటారు అంటాండె. రొట్టె తక్కువైన కాడి నుంచి నాకి ఆకలి లేదు అంటాండె. ఆయన వంతు నా కంచంలో పెడతాండె..."

అంత మాట్లాడే మనిషి ఆయన ఎప్పుడయ్యాడని మా నాయన కళ్ళనీళ్ళతో నవ్వాడు. పెద్దమ్మ కూడా నవ్వింది. ఆమె ముఖం పదేండ్లు వెనక్కి పోయింది. అన్నేండ్ల ఆయన బతుకు ఆ కాగితాల మీద ఒక్కొక్కటిగా లేచి వస్తోంది. నేస్తాండె, చెప్తాండె, పెడతాండె. మూడో కాగితం సగంలో ఆమె గొంతు ఆగింది.

"ఇంగ?" అన్నాడు మా నాయన. "చెప్పు వదినా."

పెద్దమ్మ కాగితం మీదనుంచి కళ్ళు తీయలేదు. "రొమ్ములో గాలి ఆడక, పోయిన ఏడుకు ముందేడు చలికాలంలో" అంది. "సచ్చిపోయినాడు."

మా అమ్మ శోకం పెట్టింది. వీధి వీధంతా వచ్చింది. మద్దయ్య గోడకు ఆనుకుని అట్లాగే జారి కూర్చున్నాడు. ఆ జాబు పెద్దమ్మ తాను పోయేదాకా, అంటే స్వాతంత్ర్యం వచ్చిన ఏడు ఎండాకాలం దాకా, రోజుకొకసారి చదివేది. మొదటి రెండు కాగితాలూ పైకి చదివేది, మూడోది సగం దాకా. మురియో అనే మాట దగ్గరికి వచ్చేసరికి మడిచేసి, మళ్ళీ మొదటి కాగితం తీసేది. అది తర్వాత సంగతి.

ఆ మధ్యాహ్నం అందరూ ఏడుస్తున్నారు గానీ ఆమె ఇంకా చదువుతోంది. నాలుగో కాగితం ఒకటికి రెండుసార్లు చదివింది. తర్వాత ఆ గుడ్డపేలిక ముడి విప్పింది. లోపల ఉన్నవి ఆమె రాసిన జాబులే. పదకొండూ. ఒక్కటీ విప్పలేదు.

నేను దగ్గరికి జరిగాను. ఏం రాసి ఉందని అడిగితే, ఏ కదలికా లేని గొంతుతో చెప్పింది. పెదనాయన ప్రతి శనివారం పెద్ద పోస్టాఫీసుకు పోయి వరసలో నిలబడేవాడట. తన పేరు చెప్పి, ఆ పేరు మీద జాబు వచ్చిందా అని అడిగేవాడట. లేదనేవాళ్ళు. ఇంటికి వచ్చి, ఓడ ఆలస్యమైందేమో అని రొసారియో చేత ఇంకో జాబు రాయించేవాడట, అవీ మాకు చేరలేదు. ఒళ్ళు బాగలేనప్పుడు కూడా పోయేవాడట. చివరి నెలలో మాత్రం, ఆమె నన్ను మరిచిపోయిందేమో అన్నాడట. ఆయన పోయిన ఏడాదిన్నరకు రొసారియో తన పని మీద అక్కడికి పోతే, ఇండియానుంచి వచ్చి ఎవరూ అడగని కట్ట ఒకటి మూలన పడి ఉంది, నీకేమైనా తెలుసా అని గుమాస్తా అడిగాడట. మద్దయ్య తండ్రి అనేవాడు మా ఊళ్ళో ఎవరూ లేరన్నాడట. చేతిరాత చూసి ఆమె గుర్తుపట్టిందట.

ఆయన కోసం పోయిన జాబులు ఆయన నిలబడిన గోడకు అవతలనే పడి ఉన్నాయి. మరిచిపోయిందనుకుని పోయాడు. పెద్దమ్మ ఆ కవర్లను తాను రాసిన వరసలో నేల మీద పరిచింది. "ఆ కలం తీసుకరా" అంది.

తెచ్చిచ్చాను. మొదటి కవరు ఒళ్ళో పెట్టుకుని, పైన ఉన్న వరసను నిదానంగా కొట్టేసింది. దాని కింద తెలుగులో రాసింది. రాసి, పైకి చదివింది.

"ఈరప్ప."

నాకు బుద్ధి తెలిశాక ఆ పేరు ఆమె నోట వినడం అదే మొదలు. ఏడుస్తున్న మా అమ్మ ఉలిక్కిపడి లేచి, "అక్కా, పేరు చెప్పగాకు!" అని ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది.

పెద్దమ్మ ఆ చెయ్యి మెల్లగా పక్కకు తీసింది.

"ఇంగ ఏం తగ్గుతాదే ఆయన ఆయుస్సు?" అంది.

రెండో కవరు తీసుకుంది. కొట్టేసి, రాసి, పలికింది. మూడోది తీసుకుంది. వచ్చినవాళ్ళు శోకాలు ఆపి చూస్తున్నారు. పదకొండూ అయ్యేదాకా ఆమె ఆపలేదు. చివరి కవరు మీద సిరా ఆరేదాకా ఊది, నా చేతికిచ్చి, "మూడే అచ్చరాలు గదే" అని నా ముఖంలోకి చూసి, అప్పుడు ఏడ్చింది.